దేవుడి గూటి కింద బ్యాటరీ

కావలి
ఆదివారం పొద్దున

ప్రియమైన మంగక్కకు, నీ తమ్ముడు ఆర్ముగం నమస్కారాలతో రాస్తున్నది.

అక్కా, నేను ఇక్కడ బాగున్నాను. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది, ఎందుకో చదివే కొద్దీ నీకే తెలుస్తుంది. నువ్వూ బావా చిట్టీ బాగున్నారని తలుస్తాను. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? టీవీలో వాయుగుండం అంటున్నారు. బావ వేటకు పోకుండా ఇంటిపట్టున ఉన్నాడా, పడవను పైకి లాగి కట్టాడా? ఇక్కడ మూడు రోజులుగా ఒకటే ముసురు. లారీలు పోతుంటే బురద అంగడి మెట్ల దాకా చిందుతోంది.

ముందుగా ఒక పని చెయ్యి. ఈ కాగితం పక్కన పెట్టి లోపలికి పోయి చూడు. దేవుడి గూటి కింద బ్యాటరీ చార్జింగులో ఉంటే, గూట్లో దీపం కొండెక్కించు. కిటికీ, వాకిలి బార్లా తెరువు. కాసేపు ఆగి చార్జరు స్విచ్చి ఆపు. స్విచ్చి ఆపాకే క్లిప్పులు తియ్యి, ముందు తియ్యొద్దు. ఆ తర్వాత వచ్చి తక్కినది చదువు. నేను ఎక్కడికీ పోను.

చూసొచ్చావా? సరే.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని కంగారుపడి ఉంటావు. మన ఇంటికి ఉత్తరం వచ్చి ఎన్నేళ్లయిందో. అక్కా, నువ్వు ఫోను ఎత్తగానే స్పీకరులో పెడతావు. చేతులకు చేపల పొలుసు ఉంటుంది గనక నీ తప్పేమీ లేదు. వలల పాక కింద కూర్చున్న వాళ్లందరూ నాతో మాట్లాడతారు. ‘ఏందిరా ఆర్ముగం, తిన్నావా, యాడుండావు’ అని తలా ఒక మాట అంటారు. మామూలు రోజుల్లో నాకు అదే ఇష్టం. ఒక్క ఫోనులో ఊరంతా చూసొచ్చినట్టు ఉంటుంది. కానీ ఈ సంగతి అలా అందరి చెవిన పడేది కాదు. అందుకని నువ్వు నేర్పిన అక్షరాలతోనే నీకు రాస్తున్నాను. తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కదానివే చదువు.

ఈ రోజు ఆదివారం, అంగడి మూత. మా ఓనరు సామ్యేలన్న, ఆయన భార్య రూతక్క చర్చికి పోయారు. నేను అంగడి వెనక గదిలో, రేకుల కింద, బ్యాటరీ అట్టపెట్టె మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అట్టపెట్టె మెత్తగా ఉండి అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోవద్దు.

నేను ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర దాటింది. ఊరు బాగానే అలవాటైంది. రైళ్ల చప్పుడు ఇప్పుడు వినపడడం లేదు, అంటే వినపడుతూనే ఉంటుంది, నేనే వినడం మానేశాను. తిండికి లోటు లేదు. పొద్దున రోడ్డు మీద కారం దోశ, మధ్యాహ్నం రూతక్క పెట్టే అన్నం. డబ్బాలో కట్టి పంపిస్తే సరిపోయేదానికి, పిలిచి కూర్చోబెట్టి పెడుతుంది. చేపలు మాత్రం ఇక్కడివి నాకు నచ్చవు. మన నీళ్లలో చేప మన నీళ్లలో చేపే. ఆ మాట ఒకసారి పైకి అంటే రూతక్క, ‘అయితే మీ అక్కని తెచ్చి యిమ్మను’ అని నవ్వింది. పని లేనప్పుడు మాత్రం తోచదు. ఇక్కడ ఎటు చూసినా నీళ్లు కనపడవు. సాయంత్రం అంగడి మెట్ల మీద కూర్చుని లారీల నంబర్లు చదువుకుంటాను. నీకు నవ్వొస్తుంది గానీ, అలా రెండు గంటలు గడిచిపోతాయి.

సామ్యేలన్న సంగతి నీకు ఫోనులో ఏదో ఒకటి చెప్పానే గానీ, ఉన్నదున్నట్టు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు యాభై దాటాయి. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. పనిలో పెట్టుకున్న రోజు నన్ను అడిగింది ఒకటే. ‘చెప్పింది చెప్పినట్టు చేస్తావా అబ్బయ్యా?’ చేస్తానన్నాను. ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

మొదటి రోజే నా మెడలో పోలేరమ్మ తాయెత్తు తీసి పెట్టమన్నాడు. చేతి కడియం కూడా తీయమన్నాడు. వంగినప్పుడు ఆ తాయెత్తు వెండి గొలుసు బ్యాటరీ రెండు కొనలకూ తగిలితే ఎర్రగా కాలి మెడ కోసుకుపోతుందని ఇప్పుడు నాకు తెలుసు. ఆయన అప్పుడు అదేమీ చెప్పలేదు, ‘తియ్యి’ అన్నాడు, అంతే. నాకు మనసులో గుచ్చుకుంది. వీళ్లు చర్చి వాళ్లు, మన అమ్మవారి తాయెత్తు వీళ్ల కంటికి ఆనదు గాబోలు అనుకున్నాను. ఆయన రోజూ పొద్దున తన పెళ్లి ఉంగరం తీసి వాకిలి పక్కన మేకుకు తగిలించేవాడు. నేను ఏడాదిన్నరగా ఆ మేకు పక్కనుంచే లోపలికి పోతున్నాను. ఆ ఉంగరం నాకు ఒక్కనాడూ కనపడలేదు. మనిషి తనకు కావలసిందే చూస్తాడు.

పని మాత్రం బాగా నేర్పాడు. ఆటోలు, ట్రాక్టర్లు, రొయ్యల వ్యాన్లు, అన్నిటి బ్యాటరీలూ మా దగ్గరికి వస్తాయి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, పోస్తే మొహం మీదికి ఎగుస్తుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నల్ల తీగ తీయాలి, బిగించేటప్పుడు ఆఖరున అదే పెట్టాలి. కొనల మీద తెల్లగా ఉప్పు పూసినట్టు పేరుకుంటే వేడి నీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరాక వాజలైను రాయాలి. లోపల పోసేది బాటిల్‌లో అమ్మే బ్యాటరీ నీళ్లే, బావిదీ బోరుదీ పనికిరాదు. ఇక్కడ బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి గదా అని నేను మొదటి వారంలో ఒక ఆటో బ్యాటరీలో పోశాను. ఆయన అరవలేదు. కొత్త బ్యాటరీ ఆ ఆటోకు బిగించి పంపి, పాడైనదాన్ని నా గది వాకిట్లో పెట్టించాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. రోజూ దాన్ని దాటుకునే బయటికి వస్తాను. బావ కూడా ఐసు పెట్టె అడుగు నీళ్లు పోస్తుంటాడు, శుభ్రమేగా అని. పోయొద్దని చెప్పు.

నా చొక్కాలన్నీ బొక్కలు పడ్డాయి. నువ్వు కొనిచ్చిన నీలం చొక్కాతో సహా. యాసిడ్ చుక్క పడిన రోజు ఏమీ కనపడదు, ఉతికిన రోజు బయటపడుతుంది.

ఇంక దాచి లాభం లేదు, ఆయుధపూజ నాటి సంగతి చెప్తాను.

ఆ రోజు పొద్దున నేనే అడిగాను. ‘అన్నా, పూజ చేసుకుంటానన్నా’ అంటే, ‘చేసుకోబ్బా, నీ పనిముట్లు నీ పూజ. గల్లా కాడ చేసుకో. చార్జింగు గదిలో మటుకు వద్దు. ఆ గదిలో అగ్గి వద్దు’ అన్నాడు. ఒక ట్రాక్టరు బ్యాటరీ పట్టుకుని బండి మీద పోయాడు. బంతిపూలు, కర్పూరం, శనగలు అన్నీ రూతక్కే కొని తెచ్చింది. వాళ్లకు ఆ పండగ లేదక్కా. నా కోసం తెచ్చింది.

నేనేమో ఆ పూలు చేతిలో పట్టుకుని కోపం తెచ్చుకున్నాను. నాకు అన్నం పెట్టేది ఆ గదిలో ఉన్న బ్యాటరీలు. వాటికి బొట్టు పెట్టకుండా గల్లాపెట్టెకు పెడితే అదేం పూజ? పడవ ముక్కుకు పసుపు రాయకుండా ఇంటి గడపకు రాసి వస్తామా మనం? వాళ్ల దేవుడు వేరు గనక మన హారతి లోపలికి రానివ్వడం లేదు, గల్లా కాడ చేసుకోమని దయ తలిచాడు, అంతే అనుకున్నాను. అగ్గి వద్దు అన్న మాట మాత్రం విన్నాను, ఎందుకు వద్దో నేనే కల్పించుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పట్టుబట్టే రకం నేను, నీకు తెలియనిది కాదు.

ఆ గది వాకిట్లో ఒక నీళ్ల డ్రమ్ము ఉంటుంది. రోజూ పొద్దున దాన్ని అంచు దాకా నింపడం నా పని. ఎవరి మీదైనా యాసిడ్ పడితే అప్పటికప్పుడు కడగడానికి. ఆ రోజు ఆ నీళ్లతోనే గది కడిగేశాను, పూజకు శుభ్రంగా ఉండాలని. మళ్లీ నింపలేదు. తర్వాత నింపుదాంలే అనుకున్నాను.

లోపల నాలుగు బ్యాటరీలు చార్జింగులో ఉన్నాయి. స్విచ్చి ఆపలేదు, సాయంత్రానికి ఆటో వాళ్లు వచ్చి అరుస్తారని. బ్యాటరీ పైన మూతలు ఉంటాయి చూడు, ఒక్కో మూతకు సూది మొనంత రంధ్రం ఉంటుంది. నేను ఒక్కో మూత మీద వేలితో మెత్తగా గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. సరిగ్గా రంధ్రం మీదే పెట్టాను, మధ్యలో ఉంటే అందంగా ఉంటుందని. ఎంత శ్రద్ధగా పెట్టానో. తర్వాత పూలదండ వేశాను. కర్పూరం వెలిగిస్తే కిటికీ గాలికి రెండుసార్లు ఆరిపోయింది. కిటికీ మూశాను. ఫ్యాను ఆపాను. మూడోసారి చక్కగా వెలిగింది.

ఆ కిటికీ, ఆ ఫ్యాను ఎందుకున్నాయో నీకు చెప్పాలి, ఎందుకంటే మన గూటి గదిలో ఫ్యాను లేదు, కిటికీ ఉన్నా లేనట్టే. చార్జింగులో ఉన్న బ్యాటరీలోంచి ఒక గాలి వస్తుందక్కా. కంటికి కనపడదు, వాసన రాదు. మూత మీద ఆ రంధ్రం ఉండేది అది బయటికి పోవడానికే. గదిలోంచి అది పోవడానికే కిటికీ. రంధ్రం మూస్తే లోపల ఉబ్బుతుంది, ఏ సందు దొరికితే ఆ సందులోంచి వస్తుంది. నిప్పు తగిలిందా, పేలుతుంది. చిన్న రవ్వ చాలు.

అన్న బండి ఆపిన చప్పుడు నాకు వినపడింది. పళ్లెం తిప్పడం ఆపలేదు. ఆయన వచ్చేలోగా కానిచ్చేద్దామని ఇంకా దగ్గరికి వంగాను. వాకిట్లోంచి ‘ఆర్ముగం, ఆర్పేయ్’ అన్న మాట, నా భుజం మీద ఆయన చెయ్యి, రెండూ ఒక్కసారే వచ్చాయి. నన్ను పక్కకు నెట్టి, పళ్లెం నిప్పుకూ బ్యాటరీలకూ మధ్యకు వచ్చాడు. చెవిలో టపాకాయ పేలినట్టు అయింది. మూతలు ఎగిరి రేకులకు తగిలాయి. నేను గోడకు కొట్టుకుని నిలబడ్డాను. యాసిడ్ ఆయన మొహం మీద పడింది.

ఆయన కళ్లు మూసుకుని గోడ తడుముకుంటూ డ్రమ్ము దగ్గరికి పోయాడు. రోజూ చూసే దారి గనక కళ్లు లేకుండా పోగలిగాడు. చెంబు ముంచాడు. చెంబు అడుగును గీరింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినపడుతూనే ఉంది. ఆయన మళ్లీ ముంచాడు, అటొకసారి ఇటొకసారి వెతికాడు. రూతక్క ఇంట్లోంచి బిందెతో పరిగెత్తుకొచ్చింది. ఆయన్ని మెట్ల మీద పడుకోబెట్టి, రెప్పలు వేళ్లతో విడదీసి, నీళ్లు పోస్తూనే ఉంది. బిందె అయిపోతే మళ్లీ తెచ్చింది. పావుగంట పైనే పోసింది. ఆ పావుగంటా నేను హారతి పళ్లెం పట్టుకునే నిలబడి ఉన్నాను.

నెల్లూరు కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు గారు ఎలా జరిగిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పాడు, ‘క్లిప్పు తీసేటప్పుడు రవ్వ లేచింది సార్. నా చేతి పొరపాటే’ అని. ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. అవును అనలేదు, కాదు అనలేదు. కుడి కన్నుకు ఏమీ కాలేదు. ఎడమ కంటి మీద తెల్లటి పొర పడింది. వెంటనే అన్ని నీళ్లు పోయబట్టే ఈ మాత్రమైనా మిగిలిందని డాక్టరు గారు అన్నారు. ఆ పొర కొంత తగ్గొచ్చట, తగ్గకపోవచ్చునట.

తిరిగొచ్చాక రూతక్క తడి గుడ్డతో మిగిలిన బ్యాటరీల మీద గంధం తుడిచింది. ఒక్కో మూత వేలితో తడిమి తుడిచింది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఇంక నీకు ఫోనులో చెప్పింది. మర్నాడు నువ్వు చేశావు. స్పీకరులో పెట్టావు. ఆర్ముగం పని చేసే అంగడిలో ఏదో పేలిందంట అని అప్పటికే ఎవరో చెప్పి ఉన్నారు. పాక కింద అందరూ చెవులు రిక్కించుకుని ఉన్నారని నాకు తెలుస్తూనే ఉంది. ‘ఏం జరిగిందిరా’ అని నువ్వు అడిగావు. నేనేం చెప్పానో నీకు గుర్తుండే ఉంటుంది. ‘మా ఓనరు పాత సరుకు పెట్టినాడు, అది పేలింది. పూజ కూడా సరిగా చేసుకోనీలా’ అన్నాను.

ఆ రెండు మాటలూ అబద్ధం. ఆయన అమ్మే సరుకు మంచిది. పూజ చేసుకోమన్నాడు. పేల్చింది నేను.

బావ వెంటనే, ‘అదీ సంగతి, పూజ వద్దంటే అమ్మోరు ఊరుకుంటాదా’ అన్నాడు. అందరూ అవునన్నారు. ఒకాయన కన్ను పోయే స్థితిలో ఉంటే, అది ఆయన చేసుకున్న పాపమని మన ఊరు అనుకుంటుంటే, నాకు ఊరటగా అనిపించింది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ నిజంగా అలాగే అనిపించింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, నేను ఆ వాసాలే పీకాను.

నా అబద్ధం అక్కడితో ఆగి ఉంటే బహుశా ఈ ఉత్తరం రాసేవాడిని కాదు. వారం తర్వాత నాకు మన ఇంట్లో బ్యాటరీ గుర్తుకొచ్చింది. కరెంటు పోయినప్పుడు లైటుకూ, పడవ మీదికీ పనికొస్తుందని నేనే కదా ఆ ఆటో బ్యాటరీ తెచ్చి ఇచ్చింది. ఇంట్లో చిట్టి తిరుగుతుంటుంది, దేవుడి గూటి కింద అయితే ఎవరూ కాలు పెట్టరు, అదే భద్రం అని చోటు చూపించింది కూడా నేనే. పైన నువ్వు పొద్దూ మాపూ దీపం పెడతావు. కింద అది ఉబ్బుతూ ఉంటుంది. మన ఇంట్లో ఆ గదికి కిటికీ అరచేయి వెడల్పు కూడా లేదు.

వెంటనే ఫోను చేశాను. బావ ఎత్తాడు. ‘బావా, ఆ బ్యాటరీ అక్కణ్ణుంచి తీసి బయట పెట్టు’ అన్నాను. ‘యాలరా? దేవుడి కింద ఉండాది, దానికేం భయం’ అన్నాడు. ‘పేలతాది బావా’ అన్నాను. నవ్వి, ‘పేలింది మీ ఓనరు పాత సరుకు గదా. మనది నువ్వు చూసి తెచ్చిందేగా. మేము పూజ మానలేదులే, గంధం బొట్టు గూడా పెట్టినాం’ అన్నాడు.

గంధం బొట్టు కూడా పెట్టారు. ఎక్కడ పెట్టారని అడగలేకపోయాను. అడిగితే నాకెలా తెలుసో చెప్పాల్సి వస్తుంది. ఫోను పెట్టేశాను. తర్వాత రెండుసార్లు చేసి వర్షాల గురించి మాట్లాడాను. అదీ నీ తమ్ముడి ధైర్యం.

మొన్న గురువారం అంగడికి ఒక చేపల వ్యాను వచ్చింది. డ్రైవరు మన కోట ఊరి వైపు మనిషి. అన్న కంటికి కట్టుతో గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ డ్రైవరు మొహమాటం లేకుండా, ‘ఏం సార్, మీ కాడ పాత సరుకు అమ్ముతారంట, పనోళ్లని పూజ గూడా చేసుకోనీరంట. మా వైపంతా చెప్పుకుంటా ఉండారు’ అన్నాడు. నేను పానాతో పక్కనే ఉన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నన్ను చూడకముందే నేను తల దించుకున్నాను. అన్న, ‘ఎవురో పొరబడి ఉంటార్లే బాబూ. నీకేం కావాల’ అన్నాడు. అతను ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

ఇంక ఇప్పుడు అడుగుతాడని కాచుకున్నాను. ఆయన బాగున్న కన్నుతో నన్ను చూసి ఇలా అడిగాడు.

‘అబ్బయ్యా, మీ అక్కా వాళ్ల ఇంట్లో బ్యాటరీ దేవుడి గూటి కింద పెట్టించినానని ఒకసారి చెప్పినావే. దాన్ని తీయించినావా?’

అక్కా, నేనెప్పుడో మాటల్లో అన్నది, నాకే గుర్తు లేదు. ఆయన ఆ కట్టు కట్టుకుని దాని గురించి ఆలోచిస్తున్నాడు. అంతా చెప్పాను. ఫోనులో ఏమన్నానో, పాక కింద ఎవరెవరు విన్నారో, బావ ఏమన్నాడో, ఏమీ దాచలేదు. ఏడ్చాను కూడా. ఆయన కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

‘నేను గూడా వద్దని చెప్పినానే గానీ యాల వద్దో చెప్పలా. చెప్పుంటే నువ్వు చేసేవాడివి గాదు. మీవాళ్లకి నువ్వు అట్టా చెయ్యబాక, యాల వద్దో చెప్పు. చెప్తే తీస్తారు’ అన్నాడు. క్షమించానని అనలేదు, క్షమించలేదనీ అనలేదు. రూతక్క లోపలినుంచి వింటూనే ఉంది. మధ్యాహ్నం మామూలుగానే పిలిచి అన్నం పెట్టింది.

ఇప్పుడు ఒంటి కంటితో ఆయనకు దగ్గరి అక్షరాలు ఆనడం లేదు. యాసిడ్ బలం చూసే గాజు గొట్టం ఒకటి ఉంటుంది, దాంట్లో అంకె చూసి బ్యాటరీ బాగుందో లేదో చెప్పాలి. అది నేనే చదువుతున్నాను. నేను ఏది చెప్తే అది నమ్మి కొన్నవాళ్లకు మాట ఇస్తున్నాడు. ప్రతిసారీ రెండుసార్లు చూసి చెప్తున్నాను. డ్రమ్ము రోజుకు రెండుసార్లు నింపుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు.

బ్యాటరీని బయట చూరు కింద, వాన తగలని చోట, రెండు ఇటుకల మీద పలక పెట్టి దాని మీద పెట్టించు. ఎత్తేటప్పుడు ఒక్కరే ఎత్తొద్దు, వంచొద్దు. మూతల మీద గంధం ఉంటే తడి గుడ్డతో తుడిచి, రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో బావను చూడమను. దాని దగ్గర పని చేసేటప్పుడు నీ గాజులు, బావ ఉంగరం తీసి పెట్టండి. బీడీ ముట్టించిన వాళ్లెవరూ దాని దగ్గరికి రాకూడదు, బావతో సహా. పక్కన ఒక బిందె మంచి నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పూజ మానమని నేను చెప్పడం లేదక్కా. చార్జింగు ఆపి, గాలి తగిలే చోట ఉంచి, మూతల మీద కాకుండా పక్కన ఒక అట్ట ముక్క మీద బొట్టు పెట్టుకోండి. హారతి మాత్రం దూరంగా, గూటి దగ్గరే ఇవ్వండి. అమ్మవారు అక్కణ్ణుంచే చూసుకుంటుంది.

రూతక్కకు ఎండు రొయ్యలంటే ఇష్టం. వాన తగ్గాక మంచివి ఎండితే ఎవరితోనైనా పంపించు. పంపేది నువ్వని చెప్తాను, నా పేరు మీద అయితే తీసుకోవడానికి మొహమాటపడుతుంది. నాకు ఏ సంబంధమూ చూడొద్దు, ఇప్పుడు కాదు. నువ్వు ఫోనులో చెప్పిన ఆ పిల్ల వాళ్లు నా గురించి అడిగితే ఈ ఉత్తరంలో ఉన్నది చెప్పు.

మొదట్లో ఒక్కదానివే చదవమన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దీన్ని వలల పాక దగ్గరికి తీసుకుపోయి గట్టిగా చదువు. ఆ రోజు స్పీకరులో నా మాట విన్న వాళ్లందరూ ఉన్నప్పుడే చదువు, ఎవరైనా లేకపోతే వచ్చేదాకా ఆగు. చిన్నప్పుడు నేను తప్పు చదివితే మళ్లీ మొదటినుంచి చదివించేదానివి గుర్తుందా? అలా చదువు. డ్రమ్ము ఖాళీగా ఉన్న చోటు మింగేయొద్దు, హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ చోటు కూడా. పాకలో చాలామంది ఇళ్లల్లో బ్యాటరీలు ఉన్నాయి, అవి ఎక్కడ పెట్టారో నాకు తెలుసు. నా పరువు పోతే పోయింది, వాళ్లు లేచి ఇళ్లకు పోయి చూసుకుంటారు.

పెద్దమ్మకు, బావకు నా నమస్కారాలు. చిట్టికి ముద్దులు. ఉత్తరం చివర నీ దీవెనలు కోరుతూ అని రాయాలి గానీ, ఈసారి కోరను. బ్యాటరీ గూటి కింద నుంచి బయటికి వచ్చాక నాకు ఫోను చెయ్యి. స్పీకరులోనే చెయ్యి. అందరూ వింటుండగా, బయట పెట్టేశామని చెప్పి, అప్పుడు మనసైతే దీవించు.

నీ తమ్ముడు,
ఆర్ముగం